చాలుననిపించిన తల్లి – డొక్కా సీతమ్మ

శరీరము ధరించిన ప్రతి ప్రాణికిని ఆకలి సహజము. అది దోషము కాదు. శ్రీకృష్ణభగవానుడు గీతయందు తాను వైశ్వానరాగ్ని రూపమున ప్రాణుల దేహముల నాశ్రయించి చతుర్విధాన్నమును పచనము చేయుచున్నట్లు తెలిపియున్నాడు. కావున ఆకలిగొన్న కడుపులో మండునది భగవంతుని విభూతియే. అయితే అగ్నికొక స్వభావము గలదు. కుండమునందున్నంతవఱకు అది హోమాగ్ని. పొయ్యిలో నున్నంతవఱకు అది యింటికి ప్రాణము. గట్టు దాటినచో నదియే దావానలము. కడుపునందలి ఆకలికి హద్దు గలదు. పట్టెడన్నముతో నది శమించును. అదే ఆకలి మనస్సున కెక్కినప్పుడు మాత్రము దానికి హద్దుండదు.

ఈ రెండు త్రోవలకును రెండు చరిత్రలు శ్రీమద్భాగవత నవమస్కంధముననే గలవు. యయాతి మహారాజు శుక్రాచార్యుని శాపమున ముదిమిని పొంది, కుమారుడైన పూరుని యౌవనమును బదులు తీసికొని, వేయేండ్లు భోగముల ననుభవించెను. అనుభవించిన కొలది కోరిక పెరిగినదేగాని తఱగలేదు. నేయి పోసిన కొలది మంట పెరుగునన్న సత్యమును ఆయన అంత దీర్ఘకాలము జీవించి గ్రహింపవలసివచ్చెను. రంతిదేవుని కథ దీనికి విపరీతము. నలువది యెనిమిది దినములు నీరు సైతము లేక కుటుంబముతో కృశించిన ఆ రాజు, దైవవశమున లభించిన కొద్ది యాహారమును వరుసగా వచ్చిన అతిథులకు పంచిపెట్టెను. కుక్కలతో వచ్చినవానికిని పెట్టి మ్రొక్కెను. తుదకు మిగిలిన గ్రుక్కెడు నీటిని దప్పిగొన్న పుల్కసునకిచ్చెను. ఇతరుల యాకలి తీఱుటతో తన యాకలియు తీఱెనని భావించెను.

రంతిదేవుని త్రోవను పురాణములందే గాక మన తెలుగు నేలపై, మన తాత ముత్తాతల కాలమున, ఒక గృహిణి నడచి చూపినది. ఆమెయే నిరతాన్నదాత్రి డొక్కా సీతమ్మ. ఆమె పేరెఱుగని తెలుగు కుటుంబము లుండవు. అయినను ఆమె చరిత్రను కేవలము అన్నదాన మహిమగా మాత్రమే చదువుకొనుచున్నాము. మానవుని యాకలికి అవధి యెచ్చట గలదో తెలుపు చరిత్రగా దానిని మఱియొకసారి స్మరించుట యీ వ్యాసముద్దేశము.

సీతమ్మ 1841 అక్టోబరు మాసమున గోదావరి సీమలోని మండపేటయందు జన్మించెను. తండ్రి అనుప్పిండి భవానీశంకరము, తల్లి నరసమ్మ. అది ఆకలి యెఱిగిన కాలము. ఆమె పుట్టుటకు తొమ్మిదేండ్ల పూర్వము, 1832–33 లో, నందన నామ సంవత్సరపు కఱవు వచ్చి గుంటూరు సీమలో ఊళ్లకు ఊళ్లు నిర్మానుష్యము లయ్యెను. 1839 లో ఉప్పెన వచ్చి కోరంగి రేవును ముంచివేసెను. గోదావరికి ధవళేశ్వరమున ఆనకట్ట యింకను కట్టబడలేదు. దాని నిర్మాణము 1847 లో ఆరంభమై 1852 లో పూర్తియయ్యెను. అంతవఱకు ఒక యేడు వఱద, ఒక యేడు వర్షాభావము. ఏటి ప్రక్కనే యుండియు జనులు పస్తులుండు దినములవి. అట్టి దినములలో భవానీశంకరము వచ్చినవారికెల్ల అన్నము పెట్టుచుండుటచే ఊరివారాయనను బువ్వన్న యని పిలుచుచుండిరి. చిన్నబిడ్డలు అన్నమునకు పెట్టుకొన్న ముద్దుపేరే ఆ గృహస్థునకు బిరుదమయ్యెను.

సీతమ్మకు బడిచదువు లేదు. ఆమె చదువెల్ల ఆ యింటి వంటశాలలోనే జరిగినది. బాల్యముననే తల్లి గతింపగా ఇంటి భారమామెపై బడెను. ఆ కాలముననే లంకల గన్నవరమునకు చెందిన డొక్కా జోగన్న యను గృహస్థు పండితసభకు వచ్చి, మధ్యాహ్నవేళ భవానీశంకరము ఇంట ఆతిథ్యము పొందెను. ఆయన వేదవిదుడు, సంపన్నుడైన రైతు. ఆ బాలిక అతిథుల నాదరించు తీరును, విసుగెఱుగని నడకను, వడ్డించు చేతిలోని శ్రద్ధను గమనించి ఆమెను పరిణయమాడ నిశ్చయించెనని పెద్దలు చెప్పుదురు. రూపమును, కట్నమును గాక వడ్డన తీరును చూచి కుదిరిన వివాహ మది.

లంకల గన్నవరము వైనతేయ గోదావరి యొడ్డుననున్నది. లంక యనగా ఏటి నడుమ మెఱకపడిన నేల. ఆ ప్రాంతమున ఎటు పోవలెనన్నను పాయ దాటవలయును, పడవకై యెదురుచూడవలయును. కోనసీమనుండి పశ్చిమపు లంకలకు పోవువారికి, అంతర్వేది లక్ష్మీనరసింహస్వామిని సేవింప నరుగు యాత్రికులకు, వ్యాపారులకు, వ్యాజ్యముల నిమిత్తము తిరుగువారికి ఆ యూరు త్రోవలోనిది. పూటకూళ్ల యిల్లు లేని చోట, ప్రొద్దు తిరిగిన వేళ పడవ దిగిన బాటసారికి అన్నము దొఱకుట దుర్లభము. ఆ లోటును జోగన్న గృహము తీర్చెను.

ఆ యింట భోజనమునకు నియతకాలము లేదు. అతిథి వచ్చిన వేళయే భోజనవేళ. అర్ధరాత్రి వచ్చినవానికిని పొయ్యి రాజుకొనుచుండెను. వచ్చినవాని కులమేమి, మతమేమి యని విచారించుట లేదు. ఆకలియైనదా లేదా యన్నదే ప్రశ్న. ఆనాటి యాచారముల కట్టుబాట్లు ఎంత దృఢమైనవో యెఱిగినవారికి ఇది యెంత సాహసమో తెలియును. ఒకనాటి రాత్రి వఱదగోదావరి యావలి యొడ్డుననుండి అన్నమునకై ఒకని ఆర్తనాదము వినబడగా, భర్తతో గూడ పడవలో అన్నము గొనిపోయి పెట్టివచ్చెనన్న కథ ఆ ప్రాంతమున నేటికిని చెప్పుకొందురు. అన్నదానమునకై భూములు హరించినను దంపతులు వెనుదీయలేదందురు.

ఇందు గమనింపదగిన ధర్మసూక్ష్మ మొకటి గలదు. లోకమున బంగారమిచ్చినను, భూమి నిచ్చినను, వస్త్రమిచ్చినను పుచ్చుకొనువాడు ఇంకను కావలెననును. అన్నము పెట్టినప్పుడు మాత్రమే పుచ్చుకొనువాడు తన నోటితోనే చాలునని చేయి యడ్డము పెట్టును. దానములలో గ్రహీతకు తృప్తినిచ్చునది ఇదియొక్కటియే. సీతమ్మ తన జీవితకాలమున ఎన్ని వేలమందిచేత చాలుననిపించెనో లెక్కించినవారు లేరు. అయితే ఇతరులచేత చాలుననిపించుట కామె ముందుగా తనకు తాను చాలునని చెప్పుకొన్నది. గృహస్థు అతిథులు, బాలురు, వృద్ధులు భుజించిన పిదప మిగిలినదానిని తినవలెనని శాస్త్రము. అట్లు మిగిలినదానికే విఘసమని పేరు. ఆ శేషాన్నమే ఆమె యాహారము. కడుపు ఆకలిని ఆమె జయించిన విధమిది: చంపుకొనలేదు, వరుసలో చివర నిలిపినది.

రెండవ యాకలి పుణ్యమునకు సంబంధించినది. భక్తులమైన మనము దీనిని జాగ్రత్తగా చూడవలయును. ఏండ్లకొలది వంటయిల్లు విడువని సీతమ్మకు అంతర్వేది నృసింహస్వామిని సేవింపవలెనను కోరిక కలిగెను. ఆ క్షేత్రము వసిష్ఠ గోదావరి సముద్రమున గలియుచోట నున్నది. ఆమె యూరికి దూరదేశము కాదు. ఎట్టకేలకు పల్లకిలో బయలుదేరెను. త్రోవలో బోయీలు అలసట తీర్చుకొనుటకు పల్లకి దించిరి. ఆ సమయమున ఎదురుగా బిడ్డలతో గూడిన ప్రయాణికుల గుంపొకటి వచ్చెను. ఆకలికి తాళలేక పిల్లలేడ్చుచుండగా, గన్నవరము దగ్గఱకు వచ్చితిమనియు, అచ్చట సీతమ్మగారింట కడుపునిండ అన్నము దొఱకుననియు పెద్దలు వారి నోదార్చుచుండిరి. ఆ మాటలు పల్లకిలోని సీతమ్మ చెవిని బడెను. ఆమె మఱి తటపటాయింపలేదు. పల్లకిని వెనుకకు మరల్చుమని చెప్పి, వారికంటె ముందుగా ఇల్లు చేరి, వారు వచ్చునప్పటికి విస్తళ్లు సిద్ధము చేసెను.

క్షేత్రదర్శనము గొప్పది. దానిని తక్కువచేయుట యీ కథకు తాత్పర్యము కాదు. కాని పుణ్యము కూడ మనస్సున కొక భోజ్యవస్తువే. దానిపై ఆశ పెరిగినప్పుడు ప్రక్కన ఏడ్చు బిడ్డ కనబడదు. మనము క్యూలో ముందునకు పోవలెనన్న తొందరలో వృద్ధులను త్రోయుట, తీర్థమునకై యెగబడి పసివాండ్రను నలుగగొట్టుట యీ యాకలి వికారమే. అంతర్వేదిలో వెలసిన స్వామి ఆ యేడ్చు బిడ్డల కడుపున వైశ్వానరుడై యున్నాడని ఆమెకు తెలిసెను. ఆమె యాత్ర మానుకొన్నదని చెప్పుటకంటె, స్వామి యెదురువచ్చుటచే త్రోవలోనే దర్శనమైనదని చెప్పుట యుచితము. వైష్ణవులు తదీయారాధనమని చెప్పునది, భగవంతుని వారిని ఆరాధించుట భగవదారాధనకంటెను మిన్నయని పెద్దలు విధించినది, దీనికంటె వేఱుగాదు.

మూడవ యాకలి కీర్తికి సంబంధించినది. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక సందర్భమున 1903 జనవరి 1 న ఢిల్లీలో గొప్ప దర్బారు జరిగినది. ఆ యుత్సవమునకు సీతమ్మకును ఆహ్వానము వచ్చెననియు, ఆమె నిరాకరించెననియు ప్రసిద్ధి. తాను చేయునది పేరుకొరకు గాదని ఆమె భావము. ఆజ్ఞ నెఱవేర్పవలసిన అధికారి సంకటమును గ్రహించి, అతనికి కీడు గలుగరాదను దయతో ఛాయాచిత్రము తీయించుటకు మాత్రమంగీకరించెననియు, ఆ చిత్రమునకే ఉత్సవమున గౌరవము జరిగెననియు చెప్పుదురు. దేశమునందలి రాజులు, జమీందారులు ఆ దర్బారులో ముందువరుస స్థానమునకై ప్రాకులాడిన దినములవి. ఆ దినమున గన్నవరములో పడవ దిగినవాని కెవరు వండిపెట్టుదురన్నదే ఆమె చింత.

1909 ఏప్రిల్ 28 న సీతమ్మ పరమపదించెను. ఆమె పేరు మాత్రము అన్నముతో కలిసి నిలిచినది. గన్నవరమువద్ద వైనతేయపై కాలువ నీటిని దాటించుటకు ఆధునిక కాలమున నిర్మించిన అక్విడక్టునకు ఆమె పేరు పెట్టిరి. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2024 లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు డొక్కా సీతమ్మ పేరుంచినది. తిరుమలలో 1985 లో ఆరంభమైన నిత్యాన్నదానము నేడు భక్తకోటిని పోషించుచున్నది. అన్నము పెట్టు చేతులు మన దేశమున తఱిగిపోలేదు. తఱిగిపోవుచున్నది చాలునను మాట. ఆ లోటు దేహమునకును, ఆచారమునకును, ప్రకృతికిని ఏమి చేయుచున్నదో సీతమ్మ పుట్టిన సీమనుండియే చూడవచ్చును.

ఆనకట్ట వచ్చిన పిమ్మట గోదావరి సీమ అన్నపు గాదెయయ్యెను. సీతమ్మ కాలమున ఇండ్లలో వడ్లు దంచుకొనెడివారు. దంపుడు బియ్యమున తవుడు కొంత నిలిచియుండెడిది. తరువాత మరలు వచ్చెను. బియ్యము మల్లెపూవువలె తెల్లగా నుండవలెనన్న మోజు పెరిగెను. ఆ తెలుపు వెంట బెరిబెరి యను వ్యాధి వచ్చెను. కాళ్లు వాచుట, తిమ్మిరులెక్కుట, గుండె బలహీనమగుట దాని లక్షణములు. తవుడులోనుండు థయమిను అను జీవసత్త్వము లోపించుటయే దాని కారణము. సమృద్ధిగా వరి పండు ఉత్తర సర్కారు జిల్లాలే భారతదేశమున ఆ వ్యాధికి నెలవుగా పేరుపడెను. కూనూరులోని పోషకాహార పరిశోధనాలయమువారు 1930–40 ల నడుమ దీనిని విచారించిరి. ఆ సంస్థయే పిమ్మట హైదరాబాదునకు తరలి నేడు జాతీయ పోషకాహార సంస్థగా నున్నది. కఱవువలన గాక, కలిమిలో జిహ్వ కోరిన తెలుపువలన వచ్చిన రోగమిది. నేటి మధుమేహము, స్థూలకాయము కూడ అనేక గృహములలో ఈ వంశమునకు చెందినవే. కడుపున రెండు పాళ్లు అన్నమునకు, ఒక పాలు నీటికి, ఒక పాలు వాయువునకు విడువవలెనని ఆయుర్వేదజ్ఞులు చెప్పినది ఇందుకే.

ఆచారమున సంభవించిన మార్పును చూడుడు. మన పెద్దలు భోజనమునకు మొదట పరిషేచనము, తుదిని ఉత్తరాపోశనము విధించిరి. అనగా భోజనమునకు ఆరంభమును, అంతమును గలవు. ఉత్తరాపోశనము పట్టిన పిమ్మట విస్తరిలో చేయి పెట్టరాదు. ఏకాదశి ఉపవాసము పదునైదు దినములకొకసారి ఆకలిని పలుకరించి, నీ హద్దు ఇదియని గుర్తుచేయుటకే. ఇప్పుడు తినుటకు ఆదియు లేదు, అంతమును లేదు. పెండ్లివిందులో వంటకముల సంఖ్య చెప్పుకొనుటయే ఘనతయైనది. సగము తిని సగము విడిచిన విస్తళ్లు గుట్టలగుచున్నవి. సీతమ్మ ఇంట రాత్రి వచ్చినవానికి మిగిల్చిన అన్నము, నేడు పెండ్లిమండపముల వెనుక కుప్పతొట్టిలో నున్నది.

ఇక ప్రకృతి. గృహస్థుని యింట ఐదు హింసాస్థానములున్నవని మనుధర్మశాస్త్రము చెప్పుచున్నది: పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్లకుండ. ఎంత సాత్త్వికుడైనను ఒక పూట భోజనమునకై కొన్ని ప్రాణములను నొప్పింపక తప్పదు. దానికి ప్రాయశ్చిత్తముగా పంచమహాయజ్ఞములు విధింపబడెను. తినుటయనగా ప్రపంచమునుండి అప్పు తీసికొనుట. యజ్ఞమనగా ఆ యప్పు తీర్చుట. సీతమ్మ ఆచరించిన అతిథిసేవ ఆ యైదింటిలో నొకటి. పశుపక్ష్యాదులకు బలి వేయు భూతయజ్ఞము మఱియొకటి.

ఈ యప్పు లెక్క నేను నివసించు తాండూరు ప్రాంతమున కంటికి కనబడును. కోనసీమ అన్నము పెట్టినచో, ఆ యన్నములోనికి పప్పు మా నేల యిచ్చును. సున్నపు పాలు గల యిచ్చటి నల్లరేగడిలో పండిన కంది రుచికి పేరుపొందినది. 2022 లో దానికి భౌగోళిక గుర్తింపు లభించెను. కందిమొక్క ఒక చిన్న యజమాని. గాలిలోని నత్రజనిని వేరుబొడిపెలలో నిలిపి నేలకిచ్చును, ఆకు రాల్చి నేలను కప్పును, కంప పొయ్యికిచ్చును, గింజ మనకిచ్చును. తీసికొన్నదానిని తిరిగి చెల్లించుట దాని స్వభావము. అదే నేల క్రింద నాపరాయి పొరలు పొరలుగా నున్నది. అదియు లోకోపకారియే. ఎన్నియో యిండ్లు, ఎన్నియో ఆలయప్రాంగణములు ఆ బండలపైననే యున్నవి. వేలాది కుటుంబములకు ఆ గనులే కూడు. కావున త్రవ్వవలదనుట వివేకము కాదు. కాని కంది మఱుసటి యేడు మరల మొలచును. రాయి మరల మొలవదు. త్రవ్విన గుంట మిగులును, కోసిన రాతిధూళి మిగులును. మా సమీపముననే అనంతపద్మనాభస్వామి వెలసిన అనంతగిరి కొండలున్నవి. మూసీ నది జన్మస్థానమవియే. కొండలో స్వచ్ఛముగా పుట్టిన ఆ నీరు హైదరాబాదు దాటునప్పటికి ఎట్లున్నదో చూచినవారికి, నగరముల యాకలి యెంత పెద్దదో వేఱుగా చెప్పనక్కఱలేదు. మొలచుదానిని తినుటలోను, మొలవనిదానిని తవ్వుటలోను ఎంతవఱకు చాలునను ప్రశ్న వేసికొనకున్నచో, యయాతికి వలె మనకును పిల్లల యౌవనమును బదులు తీసికొని అనుభవించుటయే యగును. పూరుడు తన యిష్టముతో నిచ్చెను. ఇంకను పుట్టని మన మనుమలను మన మడుగనైన లేదు.

సీతమ్మ రాజ్యము లేలలేదు, గ్రంథములు వ్రాయలేదు, ఉపన్యాసము లీయలేదు. ఒక పొయ్యి, కొన్ని పాత్రలు, అలసినను ఆగని రెండు చేతులు ఆమె సాధనసంపత్తి. ఆమెవలె జీవితమంతయు అన్నదానము చేయుట అందఱికి సాధ్యము కాకపోవచ్చును. కాని ఆమె మార్గమున మొదటి అడుగు ఏ గృహస్థునకైనను అందుబాటులోనిదే. విస్తరిలో తినగలిగినంతయే వడ్డించుకొనుట, వడ్డించుకొన్నదానిని విడువకుండుట, వంటలో నొక పిడికెడు ఇతరునికై యెక్కువ వేయుట, ఏకాదశినాడు మిగిలిన గింజలను లేనివారికి చేర్చుట, యాత్రకు పోవునప్పుడు త్రోవలోని యాకలిని చూచి ఒక్క నిమిషము నిలుచుట: ఇవి యెవరికి కష్టము?

నివేదనానంతరము ప్రసాదము చేతికి వచ్చినప్పుడు అది యెంత యన్నది మనము చూడము. చిటికెడైనను కన్నుల కద్దుకొని తృప్తి పొందుదుము. అదే భావముతో ప్రతిపూట భోజనమును స్వీకరించినవానికి చాలునను మాట తానే నోట వచ్చును. అంతర్వేది నృసింహుడును, అనంతగిరి పద్మనాభుడును, సర్వప్రాణుల జఠరములందు వెలుగు ఆ వైశ్వానరుడును మనకా తృప్తిని ప్రసాదించి, మన యింటి పొయ్యి ఒక్కరి యాకలికైనను అదనముగా వెలుగునట్లు అనుగ్రహింతురు గాక.